బంగారుతీగకు పిండిముద్ద

దమయంతికి ఆ పచ్చరంగు ముద్దంటే పరమ చిరాకు. పిసకమని థెరపిస్టు స్మృతి చేతిలో పెట్టేది. మైనం లాంటి పదార్థం. వాసన లేదు, వేడి లేదు, గంటసేపు పిసికినా రొట్టె కాదు, కుడుము కాదు, దేనికీ పనికిరాదు. వారానికి రెండుసార్లు భర్త శేషగిరి ఆమెను థెరపీకి కారులో తీసుకొచ్చి, గోడవార కుర్చీలో కూర్చుని, ఆ ముద్దనూ ఆమె కుడిచేతినీ మార్చి మార్చి చూసేవాడు. ఆమె చూపుడువేలు కదిలితే ఆయన చూపుడువేలు కూడా తెలియకుండానే కదిలేది.

ఫిబ్రవరిలో, అమెరికాలో వాళ్ళుండే నోవై ఊళ్ళో వాకిళ్ళన్నీ మంచు కింద కనబడకుండా పోయిన వారంలో, స్నానం చేసి వచ్చి దువ్వెన అందుకోబోయింది. చెయ్యి వెళ్ళలేదు. ఆస్పత్రిలో స్ట్రోక్ అన్నారు. అదృష్టం, మాట పోలేదు. నెల తిరిగేసరికి నడక దారిలో పడింది. కుడిచెయ్యి మాత్రం, మణికట్టు నుంచి కిందికి, ఎవరిదో తెచ్చి తగిలించినట్టు ఉండిపోయింది.

ఆ చేతికి ఒక పేరుండేది. కారు తలుపుల అంచుకు వేసే రబ్బరు సీళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో దమయంతి ఇరవై రెండేళ్ళు ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసింది. యంత్రం సరే అన్న సీలు మీద కూడా బొటనవేలు ఒకసారి నడిపించి, "ఇక్కడ బుడగ ఉంది" అని పక్కన పడేసేది. కోసి చూస్తే ఉండేది. రిటైరైన రోజున ప్లాంటువాళ్ళు కేకు మీద క్రీముతో బొటనవేలి ముద్ర వేయించారు. అరవై నాలుగేళ్ళ వయసులో ఇప్పుడా వేలికి చొక్కా గుండీ కూడా లొంగడం లేదు.

"ఆంటీ, ఎడమ చెయ్ హెల్ప్ చేస్తుంది. నో చీటింగ్!" అంది స్మృతి. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంటే ప్రతి 'ర'కారమూ నాలుక మీద ఒక పల్టీ కొట్టి బయటికొచ్చేది.

"చీటింగ్ కాదమ్మా, జాలి. నీరసంగా ఉన్న చెల్లెల్ని చూసి అక్క ఊరుకోలేకపోతోంది."

స్మృతి నవ్వి టాబ్లెట్ తెరిచింది. "ఒక గోల్ రాయాలి ఆంటీ. మీకు ఏం చేయడం కావాలి? బటన్ పెట్టడం? కుకింగ్? ఆంటీస్ అందరూ చపాతీ అంటారు."

"చపాతీలు ఆయన చేస్తున్నారు. మ్యాపులు మ్యాపులుగా వస్తున్నాయి, తింటున్నాం."

"నిన్నటివి గుండ్రంగానే వచ్చాయిగా," అన్నాడు శేషగిరి గోడవార నుంచి.

దమయంతి అటు చూడలేదు. "ఎర కలపాలి," అంది.

"ఎర?"

"చేపలకి పెట్టే పిండిముద్ద. నా చేత్తో నేను కలిపి, గాలానికి గుచ్చి, విసిరి, బంగారుతీగని గట్టుకి తేవాలి. మీరు కార్ప్ అంటారే, అది. మొదటినుంచి చివరిదాకా ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదు."

"కార్ప్ ఇక్కడ ఎవరూ తినరు కదా ఆంటీ!"

"తినే సంగతి తర్వాత. ముందు పట్టాలిగా. రాయి."

"డేట్ కూడా రాయాలి. ఎప్పటికి?"

దమయంతి కొంచెం ఆలోచించింది. "నీళ్ళు చల్లబడితే అది సరిగ్గా మేత ముట్టదు. అక్టోబరు పదిహేను రాయి. ఆ తేదీకి పట్టలేకపోతే నా గాలాలన్నీ, నా పక్కన కూచుని చేపలు పట్టే కృష్ణమోహన్‌కి ఇచ్చేస్తాను. మళ్ళీ లేక్ మొహం చూడను."

"ఇప్పుడా మాటలెందుకే..." అంటూ లేచాడు శేషగిరి. ఒక్క బుడగ కోసం లాటు మొత్తం వెనక్కి పంపిన మనిషి ఆమె. నోటితో తేదీ చెప్పిందంటే ఆ తేదీకి అన్నంత పనీ చేస్తుందని ఆయనకు నలభై ఏళ్ళుగా తెలుసు.

దమయంతిది ఆకివీడు పక్కన పల్లె. కాలవగట్టున పిండిముద్దతో చేపలు పట్టడం చిన్నాన్న నేర్పాడు. ఆడపిల్లకి గాలమేమిటని ఎవరైనా అడిగితే, "గట్టు మీద ఎవరు కూచున్నారో చేపకేం తెలుసు," అనేవాడాయన. అమెరికా వచ్చిన కొత్తలో ఐదేళ్ళు ఆ ఊసే లేదు. తర్వాత ఒక జూన్ సాయంత్రం లేక్ ఒడ్డున నడుస్తుంటే రెల్లు మొదట్లో నీళ్ళు కదిలి, మూరెడు బంగారు వీపు ఒకటి పైకి తేలి మునిగింది. పక్కనే నిలబడి వేరే చేపలకు గాలం వేస్తున్న తెల్లాయన దాన్ని చూసి, అది చెత్త చేప అని మొహం తిప్పుకున్నాడు. దమయంతి మర్నాడే వెళ్ళి లైసెన్సు తీసుకుంది.

ఎరకు ఆమెకొక పాళ్ళ లెక్క ఉంది. గుర్రాల దాణా అమ్మే కొట్లోంచి తెచ్చిన తవుడు రెండు వంతులు. వేరుశెనగ చెక్క ఇక్కడ దొరకదు కాబట్టి, కండలు పెంచే కుర్రాళ్ళు పాలల్లో కలుపుకు తాగే, నూనె తీసేసిన పల్లీ పొడి ఒక వంతు. ముద్ద పట్టుకోవడానికి గోధుమపిండి ఒక వంతు. తవుడు కమ్మటి వాసన వచ్చేదాకా సన్నటి సెగ మీద వేయించాలి. మెంతులు, సోంపు విడివిడిగా వేయించి దంచాలి. ఇంగువ, కచ్చూరాల పొడి చిటికెడు చిటికెడు. గోరువెచ్చటి బెల్లం నీళ్ళతో తడిపి, పిసికి, తడిగుడ్డ కింద గంటసేపు ఉంచి, మళ్ళీ పిసకాలి. ముద్ద చెవితమ్మెంత మెత్తగా రావాలి. అంతకంటే గట్టిదైతే చేప ఉమ్మేస్తుంది, మెత్తనిదైతే విసిరిన ఊపుకే ఊడిపోతుంది. చివరగా ఒక ఉండ గాజుగ్లాసు నీళ్ళలో వేసి గడియారం చూసుకోవాలి. ఇరవై నిమిషాలు విడిపోకుండా, అంచులు మాత్రం నెమ్మదిగా కరుగుతూ ఉండాలి.

ఇదంతా గరాజ్‌లో, కిటికీ కింద వేసిన పాత బల్ల మీద. వంటింట్లో చేస్తే తలుపు తెరిచిన వాళ్ళకల్లా జవాబు చెప్పుకోవాలి.

మే నెలలో మొదలుపెట్టింది. పొద్దున్న ఆరింటికి బల్ల దగ్గర ఆమె పని. అంతకు ముందు, ఐదింటికి, శేషగిరి పని ఒకటుండేది. ఆయన అక్క ధనమ్మ పాలకొల్లు నుంచి వచ్చేపోయే వాళ్ళ సూట్‌కేసుల్లో తైలం పంపేది. కర్పూరం, నీలగిరి, ఇంకా ఏవో ఆకులు పడిన చిక్కటి తైలం. దాన్ని చిన్న గిన్నెలో వెచ్చచేసి, దమయంతి కుడిచేతికి భుజం నుంచి వేలికొసల దాకా అరగంటసేపు మర్దన చేసేవాడు. ఫిబ్రవరి దాకా ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మనిషి, ఇప్పుడు ఆమెకు జడ వేస్తున్నాడు, గుండీలు పెడుతున్నాడు, అన్నం కలిపి ముందు పెడుతున్నాడు. "చెయ్యి లేచిందంటే అక్కయ్య తైలమే లేపింది," అని గుళ్ళో కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. దమయంతి కాదనేది కాదు. రోజంతా కంగారుగా తిరిగే మనిషి ఆ అరగంట మాత్రం నెమ్మదిగా ఊపిరి తీసుకునేవాడు.

తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని ఆమె గరాజ్‌లోకి వెళ్ళేది. లోపలి నుంచి గడియ వేసుకునేది. వేసుకోకపోతే ఆయన వస్తాడు. వస్తే, "ఒక్కసారి ఇటివ్వు, నేను నొక్కుతా," అంటాడు.

మొదటి నెల ముద్ద ముద్దే కాలేదు. బొటనవేలు నొక్కిన చోట నలిగేది, చిటికెనవేలు ఉన్న వైపు పొడిపొడిగా రాలేది. జూన్‌లో ముద్ద అయింది కానీ గ్లాసులో ఐదు నిమిషాలకే విచ్చుకునేది. ఆ ముద్దలు పక్షులకి వేసి మళ్ళీ కలిపేది. అరచెయ్యి మంటపుట్టేది. మండుతోందంటే మంచిదే, చెయ్యి ఉన్నట్టు తెలుస్తోంది అనుకునేది. ఆగస్టుకి ముద్ద ఇరవై నిమిషాలు నిలిచింది. స్మృతి పిడికిలి బలం కొలిచే పరికరం చేతిలో పెట్టి నొక్కించి, "ఎయిట్ నుంచి నైన్‌టీన్ పౌండ్స్ అయింది ఆంటీ! మీరు ఇంట్లో ఏం చేస్తున్నారు?" అని కళ్ళు పెద్దవి చేసింది.

అంతా బాగానే ఉంది, చేపే ముట్టడం లేదు.

లేక్ ఒడ్డున పక్కనే కృష్ణమోహన్ కూర్చునేవాడు. రెండు వీధుల అవతల ఇల్లు. కార్ల డిజైన్‌లో పనిచేసి రిటైరైన కరీంనగర్ మనిషి. చేప ముట్టగానే కూతపెట్టే యంత్రాలు, కప్పు పెట్టుకోవడానికి చోటున్న కుర్చీ, ఇన్ని ఉన్నా ఎర మాత్రం డబ్బా మొక్కజొన్న గింజలే. గంటకొకటి పట్టేవాడు.

"వదినా, ఇయ్యాల ఏం కలిపిన్రు? వాసన జూస్తే నాకే ఆకలైతుంది. ఈ చేపలకేం రోగమో!"

"మీ డబ్బా గింజలు తిని తిని వాటి నాలుక చచ్చిపోయింది."

"అట్లనే అనుకుందాం తీయ్. అన్నా, జర వదినకు చాయ్ పొయ్యి, కోపం మీదున్నది."

దమయంతికి కోపం లేదు. ఫ్యాక్టరీలో ఒక సీలు పదేపదే తప్పొస్తే ఎవరినీ తిట్టేవాళ్ళు కాదు. ఒక్కటి మార్చి చూసేవాళ్ళు. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే ఏది కారణమో తెలియదు. ఎడమచేత్తో వంకరటింకరగా నోట్‌బుక్కులో రాసుకునేది. సోంపు తీసేశాను, లేదు. ఇంగువ సగం చేశాను, లేదు. కుళాయి నీళ్ళు మానేసి లేక్ నీళ్ళతో కలిపాను, లేదు. గోధుమపిండి మార్చాను, బెల్లం మార్చాను, చోటు మార్చాను. పన్నెండు పేజీల్లోనూ చివరి మాట అదే.

సెప్టెంబరు మొదటి శనివారం కృష్ణమోహన్ గింజల డబ్బా ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. "వదినా, మీ పిండి ఇంత ఇయ్యిన్రి, నసీబు జూస్త," అన్నాడు. కలపని పొడి పిండి సంచిలో మిగిలింది ఉంటే ఇచ్చింది. ఆయన లేక్ నీళ్ళు చల్లుకుని, రెండు నిమిషాలు అడ్డదిడ్డంగా పిసికి, గోళీలంత చేసి గుచ్చి విసిరాడు. దమయంతి గాలం పది అడుగుల అవతలే ఉంది. అదే పిండి. గంటలో ఆయనకి రెండు పడ్డాయి. రెండోది నాలుగు కిలోలుంటుంది.

మొదటిది పడ్డప్పుడు గట్టిగా అరిచాడు. రెండోది పడ్డాక దమయంతి మొహం చూసి, చప్పుడు లేకుండా కొక్కెం తీసి నీళ్ళలోకి వదిలేశాడు. "మీ పిండి మస్తున్నది వదినా," అన్నాడు తల దించుకుని.

పిండిలో తప్పు లేదు. నీళ్ళలో తప్పు లేదు. ఇక మిగిలింది చెయ్యి.

వెళ్ళేముందు కృష్ణమోహన్ దగ్గర మిగిలిన ముద్దలోంచి నిమ్మకాయంత అడిగి ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టుకుంది. కారులో శేషగిరి, "పోనీలే, ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. దమయంతికి ఆ రోజు మొత్తంలో గుచ్చుకున్న మాట అదొక్కటే.

ఇంటికి రాగానే చీరైనా మార్చుకోకుండా గరాజ్‌లోకి వెళ్ళింది. రెండు గాజుగ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో కృష్ణమోహన్ ముద్ద, ఒకదాంట్లో తన ముద్ద వేసి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయనది పదకొండు నిమిషాలకు బద్దలైంది. తనది ఇరవై రెండు నిమిషాలు నిలిచింది. తన చెయ్యి మంచి పనే చేసింది! మరి ఎందులో తగ్గింది? మధ్యాహ్నపు ఎండ గరాజ్ తలుపు సందులోంచి ఏటవాలుగా బల్ల మీద పడుతోంది. గ్లాసులు పక్కకి జరపబోయి ఆగిపోయింది. తన గ్లాసులో నీళ్ళ పైన సన్నటి పొర ఒకటి, నెమలి మెడలాగా రంగులు మారుతూ తేలుతోంది. కృష్ణమోహన్ గ్లాసులో లేదు.

నూనె. నూనె తీసిన పల్లీ పొడి వెతికి వెతికి కొన్న మనిషి ముద్దలోకి నూనె ఎక్కణ్ణుంచి వచ్చింది?

ముద్ద పైకి తీసి వాసన చూసింది. ఇంగువ, సోంపు, బెల్లం. కళ్ళు మూసుకుని మళ్ళీ చూసింది. వాటన్నిటి అడుగున, ఏడు నెలలుగా తన ఒంటికి అలవాటై తనకే తెలియకుండా పోయిన వాసన. కర్పూరం, నీలగిరి. కుడి అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. గోళ్ళ సందుల్లో, గీతల్లో, చర్మం లోపల్లోపల, ధనమ్మ వదిన తైలం.

నవ్వొచ్చింది. తర్వాత, లోపల ఆయన సాయంత్రానికి కూర తరుగుతున్న చప్పుడు వినిపించి, నవ్వు ఆగిపోయింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

శేషగిరి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రెండు గ్లాసులూ చూశాడు. ముద్ద వాసన చూశాడు.

"రోజూ సబ్బుతో కడుగుతున్నావుగా."

"సబ్బుకి పోయేదైతే మీ అక్కయ్య పంపదు."

"అయితే ఇప్పుడేమంటావ్?"

"రేపటి నుంచి తైలం వద్దంటున్నాను."

"చేప కోసం చెయ్యి పోగొట్టుకుంటావా? వారం ఆపితే కర్రలాగా బిగుసుకుపోతుంది. అప్పుడు నన్నడక్కు!" గిన్నె, సీసా రెండూ పట్టుకుని విసురుగా లోపలికి వెళ్ళిపోయాడు. టీవీ శబ్దం పెరిగింది. కోపం మీద చేసినందుకో ఏమో, ఆ పూట చపాతీలు గుండ్రంగా వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ ఆ మాట అనలేదు.

మంగళవారం థెరపీలో ఆయనే కదిపాడు. "చూడమ్మా స్మృతీ, నువ్వే చెప్పు. మీ ఆంటీ తైలం మానేస్తానంటోంది. చెయ్యి ఏమవుతుంది?"

"ఆయిల్ స్కిన్‌కి అంకుల్. మసిల్‌కి, జాయింట్స్‌కి మీ హ్యాండ్ ప్రెషర్ హెల్ప్ చేస్తుంది. మసాజ్ ఆపొద్దు. ఆయిల్ లేకుండా చేయండి."

"మరి జారదే?"

"జారకపోతే ఇంకా గుడ్."

తిరుగుదారిలో మూడో సిగ్నల్ దగ్గర శేషగిరి ఎర్రదీపం వైపు చూస్తూ, "అంటే ఇన్నాళ్ళూ పనిచేసింది నా చెయ్యేనన్నమాట," అన్నాడు.

"నేనెప్పుడు కాదన్నాను?"

మర్నాడు ఐదింటికి ఆయన మామూలుగానే గిన్నెతో వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. గిన్నెలో శనగపిండి, ఆమె డబ్బాలోంచే తీసిన గుప్పెడు తవుడు. "నలుగు పెడతా. దీనికి నీ చేపలేమంటాయో చూద్దాం," అన్నాడు. భుజం నుంచి వేలికొసల దాకా అరగంట. వేళ్ళ సందులు, గోళ్ళ చివర్లు మరీ పట్టి పట్టి రుద్దాడు. మిగిలిన తైలం పారబొయ్యడానికి మనసొప్పక తన మోకాళ్ళకి రాసుకోవడం మొదలుపెట్టాడు.

"ఆ మోకాళ్ళతో నా బల్ల దగ్గరికి రాకండి," అంది దమయంతి.

"ఏం, మోకాళ్ళతో కలుపుతున్నానా నీ పిండి?"

రోజూ మధ్యాహ్నం ఒక ముద్ద, ఒక గ్లాసు, తలుపు సందులో ఎండ. ఐదో రోజుకి పొర పలచబడింది. తొమ్మిదో రోజున ఎంత వంచి చూసినా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

ఆ శనివారమే చేప ముట్టింది. నీళ్ళ మీద తేలే బెండు ఒకసారి వణికి, పక్కకి నడిచి, గభాలున మునిగింది. ఎన్నాళ్ళకో వచ్చిన ఆ లాగుడుకి దమయంతి సిద్ధంగానే ఉంది కానీ, వేళ్ళు సిద్ధంగా లేవు. చిటికెనవేలు జారింది, ఉంగరపువేలు జారింది, కర్ర చేతిలోంచి నీళ్ళ వైపు దూకింది. శేషగిరి ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఒక్క ఉదుటున కర్ర పట్టేసుకుని, అడ్డదిడ్డంగా రీల్ తిప్పి, మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి, చేపను వలబుట్టలో వేసి పైకెత్తాడు.

"పట్టేశాం! దమయంతీ, పట్టేశాం!"

ఆయన కళ్ళలో నీళ్ళు. ఆమె చేపను చూసింది, ఆయన తడిసిన ప్యాంటును చూసింది. "అది మీ చేప," అంది.

"అదేంటే! ముద్ద నీది, గాలం నీది..."

"లెక్కలోకి రాదు. ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదని రాయించాను." తర్వాత గొంతు తగ్గించి, "ఏమండీ, ఇంకోసారి కర్ర నీళ్ళలో పడితే పడనివ్వండి. కొత్తది కొనుక్కుంటాను. మీరు మాత్రం ముట్టుకోకండి," అంది.

శేషగిరి చేపను వదిలిపెట్టి, తడిబూట్లు విప్పి, మేజోళ్ళు పిండుకుంటూ కూర్చున్నాడు. ఆ వారమంతా ఆమె ఇంట్లో ఖాళీ కర్రకు నీళ్ళ సీసా వేలాడదీసి, గరాజ్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది. మొదట సగం సీసా, తర్వాత నిండు సీసా, తర్వాత రెండు. వేళ్ళు జారే క్షణం ఎప్పుడొస్తుందో కనిపెట్టి, ఆ క్షణానికి ముందే కర్ర అడుగును మోచేతి కింద నొక్కిపెట్టడం నేర్చుకుంది.

తర్వాతి రెండు వారాలు చేపలు ముడుతున్నాయి, ముద్ద కొరుక్కుని పోతున్నాయి. ఒకటి సగం దాకా వచ్చి తెంపుకుపోయింది. లేక్ చుట్టూ ఆకులు ఎర్రబడి, ఎర్రబడినవి రాలిపోయాయి. నీళ్ళలో చెయ్యి పెడితే జివ్వుమంటోంది.

అక్టోబరు పదమూడు. పొద్దున్న గడ్డి మీద తెల్లగా మంచుపొడి. కృష్ణమోహన్ రెండు కోట్లు వేసుకుని, ఉన్నిటోపీ చెవులదాకా లాక్కుని వచ్చాడు. "వదినా, ఈ చలిల చేపలు కూడ దుప్పటి కప్పుకుంటయ్. మనకేం పట్టింది?"

"మీరు వెళ్ళి పడుకోండి. ఎలాగూ గాలాలు మీకే రాబోతున్నాయని కనిపెట్టుకు కూచున్నారుగా."

"తోబ తోబ! నాకొద్దు మీ గాలాలు. నా యంత్రాలకే జాగ లేదు ఇంట్ల, మా ఆమె రేణు తిడుతున్నది."

దమయంతి చేతితొడుగు తీసి ముద్దలోంచి ఉసిరికాయంత తీసుకుంది. చలికి వేళ్ళు మాట వినడం లేదు. కొక్కెం చుట్టూ నొక్కుతుంటే జారి గడ్డిలో పడింది. ఇంకోటి తీసింది, అదీ పడింది. శేషగిరి రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. మూడోది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలిచింది. నెమ్మదిగా తిప్పుతూ, నాలుగువైపులా అదిమి, బొటనవేలు ఒకసారి పైన నడిపించింది. ఎక్కడా పగులు లేదు. విసిరింది. ముప్ఫై అడుగులు కూడా వెళ్ళలేదు, రెల్లు అంచున పడింది. పడితే పడిందని అలాగే వదిలేసింది.

ముప్పావుగంట గడిచింది. కృష్ణమోహన్ ఫ్లాస్కు మూత తిప్పుతుండగా బెండు వంగింది. వణకలేదు, పరుగెత్తలేదు, బరువైన మనిషి కుర్చీలో కూర్చున్నట్టు నెమ్మదిగా కిందికి దిగిపోయింది.

దమయంతి కర్ర ఎత్తి పట్టింది. అవతల బరువు తెలిసింది. రీల్ కిర్రుమంటూ దారం వదిలింది. ఎడమచెయ్యి రీల్ మీద, కుడిచెయ్యి కర్ర మీద. చేప రెల్లులోకి పోబోతే కర్రను ఇటు వాల్చి తిప్పింది. మణికట్టులో నొప్పి మోచేతిదాకా పాకింది. చిటికెనవేలు జారడం మొదలైంది. అది పూర్తిగా జారకముందే కర్ర అడుగు మోచేతి కింద నొక్కిపెట్టి, ఊపిరి బిగించింది.

శేషగిరి చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఒక అడుగు వేశాడు.

"ఆగండి!"

ఆగాడు. ఆయన చేతిలో వలబుట్ట అప్పటికే ఉంది.

"అన్నా, గా బుట్ట కింద పెట్టి ఇటురా," అన్నాడు కృష్ణమోహన్ మెల్లగా. "నా కుర్చీ పట్టుకో. గట్టిగ పట్టుకో, పడిపోతున్నట్టున్నది." శేషగిరి వెళ్ళి నిజంగానే ఆ కుర్చీ వెన్ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

చేప మూడుసార్లు దగ్గరికొచ్చి మూడుసార్లు పోయింది. నాలుగోసారి వచ్చేసరికి దానికీ అలసటే, ఆమెకీ అలసటే. వలబుట్ట ఎత్తడానికి ఆమెకు మూడో చెయ్యి లేదు. గట్టున గులకరాళ్ళు పల్లంగా ఉన్న చోటు చూసుకుని, కర్ర అలాగే పట్టుకుని, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఒక్కో అడుగు. మడమకి రాయి తగిలితే నిలదొక్కుకుని మళ్ళీ ఒక అడుగు. నీళ్ళు మోకాలిలోతు నుంచి జానెడు, జానెడు నుంచి బెత్తెడు అయిన చోట చేప పక్కకి ఒరిగింది. గుండ్రటి నోటి చుట్టూ మీసాలు, ఇత్తడి పళ్ళెం తోమినట్టు మెరిసే పొలుసులు. ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది. సగం చేప రాళ్ళ మీదికొచ్చింది.

కర్ర వదిలి, పరుగులాంటి నడకతో వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడింది. ఎడమ అరచెయ్యి తడిపి చేప తల మీద పెట్టింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొక్కేన్ని వెతుక్కున్నాయి. మొదటిసారి జారాయి. చేప తోక కొట్టి ఆమె మొహమంతా నీళ్ళు చిమ్మింది. రెండోసారి దొరికింది. మెలితిప్పి వెనక్కి నెట్టింది. కొక్కెం ఊడి వేళ్ళలోకి వచ్చింది.

కృష్ణమోహన్ ఉన్నిటోపీ తీసి గాల్లోకి విసిరి, అది నీళ్ళలో పడితే తిట్టుకున్నాడు.

"ఫోటో తియ్యండి, స్మృతికి పంపాలి," అంది దమయంతి రొప్పుతూనే.

శేషగిరి ఫోను తీసి వంగాడు. "చేప మొత్తం రావట్లేదే, ఇంకొంచెం పైకెత్తు."

"చేప రాకపోయినా ఫర్లేదు. చెయ్యి రావాలి."

ఫోటో తీశాక చేపను నీళ్ళలోకి జరిపింది. అది ఒక నిమిషం అక్కడే మొప్పలు ఆడించి, తొందరేమీ లేనట్టు లోతుకి వెళ్ళిపోయింది. "పులుసు పాయె," అన్నాడు కృష్ణమోహన్, తడిటోపీ కర్రతో లాక్కుంటూ.

దమయంతి లేచి నిలబడి కుడిచెయ్యి చాచింది. శేషగిరి తువ్వాలుతో ఒక్కో వేలూ విడిగా తుడిచాడు. వేళ్ళు ఎర్రగా, చల్లగా ఉన్నాయి. తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చచేశాడు.

"ఇక పోదామా? చలి పెరుగుతోంది."

ఆమె డబ్బా మూత తీసి చూసింది.

"ముద్ద ఇంకా సగం ఉంది," అంది. ఉసిరికాయంత తీసుకుని, కొక్కేన్ని వేళ్ళ మధ్యకి తెచ్చుకుంది. "మీరు కూచోండి. ఈసారి ఆ రెల్లు దాటించి వేస్తాను."